షంషాబాద్ నుంచి గంటన్నర, మరి పాలమూరు నుంచి?

మహబూబ్‌నగర్‌లో నాది చిన్న టికెట్ల దుకాణం. బస్సు, రైలు, విమానం, ఏది కావాలన్నా బుక్ చేసిపెడతాను. విమానం టికెట్ కోసం వచ్చేవాళ్లు తప్పకుండా అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత దూరం, ఎంతసేపు? ముంబైకి గంటన్నర అంటాను. కొడుకు దగ్గరికి వెళ్లే ఒక అవ్వ ఆ మాట పట్టుకుని నన్ను నిలదీసింది. "గంటన్నర ప్రయాణానికి అర్ధరాత్రి ఇల్లు వదలమంటావేమి బిడ్డా? పొద్దున అన్నం తిని బయలుదేరితే కాదా?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. టికెట్ మీద ఉండేది విమానం లెక్క. మన గడప దాటింది మొదలు అవతలి గడప ఎక్కేదాకా పట్టే సమయం వేరే లెక్క, అది ఎవరికి వారు వేసుకోవాల్సిందే. ఎలా వేయాలో ఆమెకు కాగితం మీద రాసిచ్చాను. అదే ఇక్కడ కొంచెం విడమరిచి చెబుతాను. మీ దగ్గర ఒక తెల్ల కాగితం, పెన్ను, ఫోను ఉంటే చాలు.

మొదటి పని: ఏ విమానాశ్రయమో రాసుకోండి

ఊరి పేరు రాయకండి, విమానాశ్రయం పేరు రాయండి. విమానానికి దూరమంటే ఒక రన్‌వే నుంచి ఇంకో రన్‌వేకు ఉన్న దూరం. మనకు అలవాటైనది షంషాబాద్. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి అక్కడికి మారినప్పుడు నగరంలోని వాళ్లు దూరమైపోయిందని విసుక్కున్నారు. పాలమూరుకు మాత్రం విమానాశ్రయం ఎదురొచ్చినట్టయింది. నగరంలోకి అడుగు పెట్టే పని లేకుండా, ఆరాంఘర్ చౌరస్తా దాకా కూడా పోకుండా, 44వ నంబరు జాతీయ రహదారి మీద నుంచి కుడివైపు తిరిగితే అక్కడే.

అలాగని దక్షిణ తెలంగాణ మొత్తానికీ షంషాబాదే దగ్గర అనుకోవద్దు. అలంపూర్ వాళ్లకు కర్నూలు అవతల ఓర్వకల్లు విమానాశ్రయం దగ్గర. అది 2021 మార్చిలో మొదలైంది. విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి కాబట్టి మీరు వెళ్లే ఊరికి ఉందో లేదో ముందే చూసుకోవాలి. కోదాడ వాళ్లకు షంషాబాద్ కంటే గన్నవరం దగ్గర.

దిగే వైపు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ముంబైకి ఇప్పుడు రెండు విమానాశ్రయాలు. నవీ ముంబైలో కొత్తది 2025 డిసెంబరులో విమానాలు మొదలుపెట్టింది. టికెట్ మీద ఊరి పేరు పక్కన మూడక్షరాల సంకేతం ఉంటుంది: పాతదానికి బీఓఎం, కొత్తదానికి ఎన్‌ఎంఐ. వర్లీ, ధారావి వెళ్లేవాళ్లకు పాతది మేలు. వాషి, పన్వేల్ వైపు వాళ్లకు కొత్తది. దుబాయ్‌కి డీఎక్స్‌బీ, షార్జాకు ఎస్‌హెచ్‌జే. ఈ రెండూ ఆనుకుని ఉన్న ఊళ్లే కాబట్టి ఒకటి అనుకుని ఇంకొకటి కొన్నా పెద్ద నష్టం లేదు. కాకపోతే మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తమ్ముడు అక్కడ ఎదురుచూస్తుంటే మీరు ఇక్కడ ఎదురుచూస్తుంటారు.

రెండో పని: ఆకాశంలో దూరం కట్టండి

ఇది ఇంటర్నెట్‌లో ఒక్క క్షణంలో దొరుకుతుంది. అయినా ఒక్కసారి చేత్తో కట్టి చూడండి, సరదాగా ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకే అప్పగించండి.

ఫోనులో మ్యాపు తెరిచి విమానాశ్రయం మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనబడతాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. షంషాబాద్‌కు 17.24, 78.43. ముంబై పాత విమానాశ్రయానికి 19.09, 72.87.

అక్షాంశాల తేడా 1.85. ఒక్క డిగ్రీ అక్షాంశం నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 205. అంటే ముంబై మనకంటే 205 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. రేఖాంశాల తేడా 5.56. ఇక్కడ 111తో హెచ్చవేయకూడదు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయే కొద్దీ దగ్గరవుతాయి, ఒలిచిన బత్తాయి తొనల్లాగా. మన దగ్గర నుంచి ముంబై వరకు ఉన్న ప్రాంతంలో ఒక్కో డిగ్రీకి 105.5 కిలోమీటర్లు వేసుకోండి. 587 వస్తుంది. అంత పడమరగా పోవాలి.

ఉత్తరానికి 205, పడమరకు 587. ఈ రెండూ భుజాలైతే విమానం పోయేది కర్ణం మీద. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయండి. 622 కిలోమీటర్లు. విమానాశ్రయాల మధ్య దూరమని లెక్కల్లో ఉండేది కూడా ఇదే.

దుబాయ్‌కి అయితే అక్షాంశం 25.25, రేఖాంశం 55.36. ఇంకొంచెం ఉత్తరాన కాబట్టి రేఖాంశం డిగ్రీకి 103.5 వేయండి. ఉత్తరానికి 889, పడమరకు దాదాపు 2,388, కర్ణం సుమారు 2,550. తిరుపతికి 418, ఢిల్లీకి 1,265. వీటిని మీరే కట్టి సరిచూసుకోండి. తిరుపతికి డిగ్రీకి 107, ఢిల్లీకి 102 వేసుకుంటే సరిపోతుంది.

ఈ పద్ధతి అమెరికా దాకా సాగదు. అంత దూరానికి భూమి గుండ్రదనం అడ్డొస్తుంది, త్రిభుజం లెక్క తప్పుతుంది. అప్పుడు బడిలో ఉండే గ్లోబు, ఒక దారం తీసుకోండి. దారం ఒక కొన హైదరాబాద్ మీద, ఇంకో కొన శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం జారి జారి తనంతట తానే అతి దగ్గర దారిలో కుదురుకుంటుంది. చూస్తే అది యూరప్ మీదుగానూ పోదు, పసిఫిక్ మధ్యగానూ పోదు. చైనా దాటి, సైబీరియా మీదుగా పైకెక్కి, అలాస్కా వైపు నుంచి దిగుతుంది. ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పరిచి చూడండి. రేఖ చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. దారం అందులో మూడో వంతు దాటుతుంది, అంటే పదమూడున్నర వేలు. గోడకు తగిలించిన మ్యాపు చూసి ఈ దారి ఎవరూ ఊహించలేరు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు. అంత పైకి ఎందుకు పోయారని అప్పట్లో మా దుకాణంలో అడిగిన వాళ్లకు నేను ఈ దారమే చూపించాను.

మూడో పని: కిలోమీటర్లను గంటల్లోకి మార్చండి

దూరాన్ని 800తో భాగించి, దానికి 40 నిమిషాలు కలపండి. ఇది నేను వాడే లెక్క. జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్ల పైమాటే పోతుంది. ఆ నలభై నిమిషాలు దేనికంటే, టికెట్ మీది సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాకాలి, వరసలో ఆగాలి, పైకెక్కాలి, వేగం తగ్గించుకుని దిగాలి, మళ్లీ పాకాలి.

ముంబైకి 622 భాగం 800 అంటే 47 నిమిషాలు, 40 కలిపితే గంటా 27 నిమిషాలు. తిరుపతికి గంటా పది, ఢిల్లీకి రెండుంబావు. టికెట్లు తీసి చూడండి, ఇటు పదినిమిషాలు అటు పదినిమిషాలుగా ఇవే ఉంటాయి. తిరుపతికి గాలిలో పోయేది అరగంటే. మిగిలిందంతా ఎక్కడం, దిగడం, పాకడం. దూరం తగ్గే కొద్దీ విమానం వల్ల లాభం కరిగిపోయేది ఇందుకే.

దుబాయ్‌కి ఈ లెక్కన మూడు గంటల యాభై నిమిషాలు వస్తుంది. కానీ పోయేటప్పుడు నాలుగు గంటలని, వచ్చేటప్పుడు మూడున్నర అని వేసి ఉంటుంది. టికెట్ తప్పేమో అని చాలామంది నాకు ఫోన్ చేస్తారు. తప్పు కాదు. అంత ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి, చలికాలంలో మరీ ఎక్కువ. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. దేవరకద్ర రోడ్డు మీద సైకిలు తొక్కిన వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ముంబైకి ఇంకో పావుగంట చేతిలో ఉంచుకోండి. పాత విమానాశ్రయంలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తాయి, ఒకసారికి ఒకటే వాడాలి. రద్దీ వేళల్లో విమానం పైనే గిరికీలు కొడుతుంది.

నాలుగో పని: రెండు గడియారాలు, ఒక తేదీ

దేశంలోపల ప్రయాణమైతే దీన్ని వదిలేయండి. గల్ఫ్ వెళ్లేవాళ్లు మాత్రం రెండుసార్లు చదవండి.

టికెట్ మీద బయలుదేరే సమయం ఇక్కడిది, చేరే సమయం అక్కడిది. దుబాయ్, షార్జా, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4:30కు బయలుదేరి 7:00కు దుబాయ్ చేరుతుందని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, గంటన్నర కలిపి నాలుగు. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 10:00కు బయలుదేరి తెల్లవారుజామున 3:10కి దిగుతుందని ఉంటే, కనబడే ఐదు గంటల పది నిమిషాల్లో గంటన్నర తీసేయండి. మూడు గంటల నలభై నిమిషాలు. పోయేటప్పుడు కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అమెరికాకు తేడా ఎక్కువ, పైగా అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. డాలస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటే ఎండాకాలంలో పదిన్నరే. గల్ఫ్‌లో ఈ మార్పు లేదు.

ఇక తేదీ సంగతి. దుకాణం పెట్టిన కొత్తలో కువైట్ వెళ్లే ఒకాయనకు టికెట్ తీసిచ్చాను. 12వ తేదీ 00:50 అని ఉంది. అంటే 11వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. ఆయన 12వ తేదీ పగలంతా చుట్టాలకు చెప్పుకుని, సాయంత్రం దండ వేయించుకుని, జీపులో పదిమందితో షంషాబాద్ చేరాడు. విమానం అప్పటికి ఇరవై గంటల కిందటే వెళ్లిపోయింది. టికెట్ చేతిలో పెట్టినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, నేను చెప్పలేదు. రెండో టికెట్‌లో సగం డబ్బు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి రాత్రి పన్నెండుకు, పొద్దున నాలుగుకు మధ్య ఉన్న ఏ టికెట్ అయినా, దాని మీద ఎర్ర పెన్నుతో రాస్తున్నాను: "ఇల్లు వదలాల్సింది ఫలానా వారం రాత్రి." తేదీ కాదు, వారం పేరు రాస్తాను. తేదీలో పొరబడే మనిషి కూడా మంగళవారం రాత్రి అంటే పొరబడడు. మీరూ అలాగే రాసుకోండి.

ఐదో పని: వెనక నుంచి ముందుకు లెక్కపెట్టండి

అసలు పని ఇదే. అవ్వ టికెట్‌నే తీసుకుందాం: షంషాబాద్ నుంచి ముంబైకి పొద్దున 6:00. కాగితం అడుగున 6:00 అని రాసి పైకి పోతూ ఉండండి.

దేశంలోపలి విమానాలకు బోర్డింగ్ గేటు సాధారణంగా 25 నిమిషాల ముందు మూసేస్తారు. 5:35. సామాను ఇచ్చే కౌంటర్ గంట ముందు మూసేస్తారు. 5:00. ఈ రెండింటికీ దయాదాక్షిణ్యాలు ఉండవు. బస్సు కండక్టర్‌ను బతిమాలినట్టు ఇక్కడ బతిమాలితే పని జరగదు. కౌంటర్ దగ్గర వరస, సెక్యూరిటీ దగ్గర వరస, చేతిసంచిలో కత్తెర దొరికితే దాని పంచాయితీ, ఇవన్నీ కలుపుకొని రెండు గంటల ముందు గడపలో ఉండాలి. 4:00. విదేశానికైతే మూడు గంటలు. ఇమిగ్రేషన్ వరస అదనం.

మహబూబ్‌నగర్ నుంచి విమానాశ్రయం ఎనభై కిలోమీటర్ల పైన. జడ్చర్ల దగ్గర హైవే ఎక్కాక బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు. ఆ వేళకు కారులో గంటన్నర. 2:30. దానికి ఇంకో అరగంట కలపండి: రాయికల్ టోల్ గేటు, దారిలో ఒక చాయ్, పంక్చరైతే స్టెప్నీ మార్చుకునే వ్యవధి. 2:00. అవ్వ ఇల్లు వదలాల్సిన సమయం అది. లేవాల్సింది ఒంటిగంటకు. ఆ అంకె చూసి ఆమె నా ముఖం వంక, కాగితం వంక మార్చి మార్చి చూసింది.

కారు లేకపోతే లెక్క మారుతుంది. హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సులో షంషాబాద్‌లో దిగి అక్కడి నుంచి ఆటో పట్టుకోవచ్చు. పగటి విమానానికి ఇది చక్కగా కుదురుతుంది, బస్సుకు రెండు గంటలు, ఆటోకు మరో అరగంట వేసుకోండి. అర్ధరాత్రి సామానుతో రోడ్డు మీద నిలబడటం మాత్రం వద్దు. పొద్దున ఆరు గంటల విమానం చౌకగా వచ్చిందని సంబరపడి, కారు కిరాయికి అంతకంత పెట్టినవాళ్లను చూశాను. ఉదయం పదకొండుకో పన్నెండుకో ఉన్న టికెట్ ఐదారు వందలు ఎక్కువైనా మనలాంటి వాళ్లకు అదే చౌక.

నల్లగొండ వాళ్లకు దూరం ఇంకాస్త ఎక్కువ, వంద కిలోమీటర్లు దాటుతుంది. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే బొంగులూరు, తుక్కుగూడ దాటి నేరుగా షంషాబాద్. రెండు గంటలు వేసుకోండి. బస్సులో అయితే ఎల్బీ నగర్‌లో దిగి విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు ఎక్కాలి, మూడున్నర గంటలకు తగ్గించవద్దు. సంక్రాంతి ముగిసి జనం తిరిగి హైదరాబాద్ పోయే రెండు రోజుల్లో ఈ అంకెలేవీ పనికిరావు. పంతంగి టోల్ గేటు దగ్గర కార్ల బారు చూసిన వాళ్లెవరూ ఆ రోజుల్లో ఒక గంట అదనం వేసుకోమంటే నవ్వరు.

ఆరో పని: దిగాక, ఇంకా అయిపోలేదు

7:30కు ముంబైలో దిగుతారు. చేతిసంచి ఒక్కటే అయితే పావుగంటలో బయటపడతారు. సామాను లోపల వేసి ఉంటే బెల్టు దగ్గర అరగంట, నలభై నిమిషాలు. 8:10. అక్కడి నుంచి వర్లీకి టాక్సీ, ఆ వేళకు యాభై నిమిషాలు. 9:00. భివండీకి పోయే నల్లగొండ చేనేత కుటుంబాలవాళ్లు విమానంలో కూర్చున్నంతసేపు టాక్సీలోనూ కూర్చోవాల్సి రావచ్చు.

ఇప్పుడు పై అంకె, కింది అంకె చూడండి. రెండింటికి మొదలై తొమ్మిదింటికి అయింది. ఏడు గంటలు. అందులో విమానం వాటా గంటన్నర. అయినా ముంబై బస్సులో రాత్రంతా మోకాళ్లు ముడుచుకుని కూర్చునేదానితో పోలిస్తే సగమైనా లేదు. హైదరాబాద్ నుంచి రైలుకే పద్నాలుగు గంటల దాకా పడుతుంది. కాబట్టి మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్లకు విమానం లాభమే.

మక్తల్, కృష్ణ వైపు వాళ్లు అడిగితే మాత్రం నేను విమానం టికెట్ అమ్మను. వాళ్లకు షంషాబాద్ ఎదురు దిక్కు. రాయచూరు మీదుగా ముంబై పోయే రైళ్లు వాళ్ల ఊరి పక్క నుంచే పోతాయి, రాత్రి పడుకుంటే సరి. కొడంగల్, కోస్గి వాళ్లకు తాండూరు స్టేషన్ ఉంది. కమీషన్ పోతుందని తెలిసినా ఆ మాట చెప్పే పంపిస్తాను, ఎందుకంటే మళ్లీ దుకాణానికి వచ్చేది వాళ్లే.

అవ్వ ఆ రోజు కొడుకు ఇంటికి చేరేసరికి తొమ్మిదింపావు అయింది. నా కాగితం మీద తొమ్మిది అని ఉంది. ఆ పావుగంట ఎటు పోయిందో మధ్యాహ్నం ఫోన్ చేసి మరీ చెప్పింది. జొన్నపిండి, మామిడి తొక్కు పెట్టిన ఆమె సంచిలాంటిదే ఇంకో సంచి బెల్టు మీద ముందు వచ్చిందట. దాన్ని తీసుకుని తలుపు దాకా పోయి, ఎందుకో బరువు తక్కువగా ఉందనిపించి ముడి విప్పి చూస్తే అందులో గోధుమపిండి ఉందట. వెనక్కి పోయి మార్చుకుని వచ్చింది. "నీ కాగితంలో ఈ సంచి సంగతి రాయలేదు బిడ్డా" అంది. ఇప్పుడు రాస్తున్నాను. మీ సంచి పిడికి ఎర్రగుడ్డ ముక్క ఒకటి కట్టుకోండి.